సేద్యం ఆమెది, పాసుపుస్తకం ఎవరిది?

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. ఇక సభలకు, సన్మానాలకు కొదవ ఉండదు. వేదిక మీద నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి శాలువాలు కప్పుతారు. నెత్తిన గంప, చేతిలో కొడవలి ఉన్న బొమ్మ ఫ్లెక్సీ మీద వేస్తారు. వచ్చిన నాయకుడు మహిళే వ్యవసాయానికి వెన్నెముక అంటాడు. మనం చప్పట్లు కొట్టి ఇంటికి రావాలి.

చప్పట్లు కొట్టే ముందు ఒక్క మాట అడుగుదాం. శాలువా కప్పించుకున్న ఆ అక్క సాగు చేసే భూమి ఎవరి పేర ఉంది? బ్యాంకులో పంట రుణం ఎవరి పేర ఇచ్చారు? వడగళ్లు పడి చేను పోతే నష్టపరిహారం ఎవరి ఖాతాలో వేశారు? ఈ మూడింటికీ జవాబు ఆమె పేరు కాకపోతే ఆ శాలువా ఎందుకు?

ప్రకృతి సేద్యం అనండి, సుస్థిర వ్యవసాయం అనండి, చిరుధాన్యాలు అనండి. ఇవన్నీ కావాలనే మన సంఘం కూడా చెబుతోంది. అయితే పని ఆమె చేతికి, పుస్తకం ఇంకొకరి చేతికి ఇచ్చి నడిపే ఏ పథకమూ నిలబడదు. సాగు చేసే మనిషిని, ఆడైనా మగైనా, భూమి ఉన్నా లేకున్నా, ముందు రైతుగా గుర్తించాలి. ఆ తర్వాతే మిగతా మాటలు.

దున్నేవాడు ఒక్కడేనా రైతు?

కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వేలే చెబుతున్నాయి. పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు వ్యవసాయంలోనే ఉన్నారు. మగవాళ్లలో సగం మందే ఉన్నారు. మిగతావాళ్లు ఆటోలకు, మేస్త్రీ పనులకు, పట్నాలకు పోయారు. అంటే ఊళ్లో వ్యవసాయం రోజురోజుకూ ఆడవాళ్ల చేతుల్లోకి వస్తోంది. మరి భూమి? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో మహిళల పేర ఉన్నవి సుమారు 14 శాతం. విస్తీర్ణంలో చూస్తే 12 శాతం కూడా లేదు. ఆ కమతాల్లోనూ ఎక్కువ చిన్నవే.

తరాలుగా మనం వింటున్న నినాదం "దున్నేవాడిదే భూమి". అది గొప్ప నినాదం, దాని కోసం ప్రాణాలు ఇచ్చినవాళ్లు ఉన్నారు. కానీ దున్నడం ఒక్కటే సేద్యమా? నారు పోసేది, నాటు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది, మిరప కోసేది, విత్తనానికి మంచి కంకి ఏరి దాచేది, గొడ్డుకు మేత వేసి పాలు పితికేది ఎవరు? ఆడది నాగలి పట్టకూడదని కట్టడి పెట్టి, నాగలి పట్టినవాడే రైతు అని రాసుకున్నారు. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు. నాగలి పట్టే మగవాడు ఎన్ని ఊళ్లలో కనబడతాడు? మరి పాత లెక్క మాత్రం ఎందుకు మారలేదు?

చాకలి ఐలమ్మను తలచుకోండి. పాలకుర్తిలో ఆమె కొట్లాడింది తాను కౌలుకు తీసుకుని పండించిన పంట కోసం. విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు ధాన్యం ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం అండతో నిలబడింది. ఇవాళ హైదరాబాదులో మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు, సంతోషం. కానీ అదే ఐలమ్మ ఇవాళ అదే కౌలు భూమి సాగు చేస్తుంటే ఆమెకు రైతు భరోసా రాదు. రైతు బీమా రాదు. పంట రుణం రాదు. పీఎం కిసాన్ కింద ఏటా ఇచ్చే రూ.6,000 కూడా రాదు. ఎందుకంటే ఆమె పేర పట్టా లేదు. ఐలమ్మ పేరు గౌరవం, ఐలమ్మ లాంటి ఆడవాళ్లకు గుండు సున్నా.

మట్టికి మూడేళ్లు, మనిషికి పదకొండు నెలలు

ఇప్పుడు ప్రకృతి సేద్యం సంగతికి వద్దాం. ఎకరానికి ద్రవజీవామృతం చేయాలంటే ఏం కావాలో మీకు తెలుసు. 200 లీటర్ల డ్రమ్ము నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది పిడికెడు మట్టి. ఉదయం, సాయంత్రం కర్రతో కలియతిప్పాలి. ఘనజీవామృతం ఎండబెట్టాలి, నీడలో దాచాలి. వేపాకు దంచాలి, కషాయాలు కాచాలి. కలుపు మందు కొట్టరు కాబట్టి కలుపు చేత్తో తీయాలి. ఈ పనిలో ఎక్కువ భాగం ఎవరి నడుము మీద పడుతుందో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. దుకాణంలో కొనే మందు ఖర్చు తగ్గిందని లెక్క రాసేవాళ్లు, ఇంట్లో ఆమె పెట్టిన పనిదినాలను లెక్కలో రాయరు. ఆమె కూలికి విలువ కడితే తప్ప సాగు ఖర్చు నిజంగా తగ్గిందో లేదో తేలదు.

పని ఒక ఎత్తు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మట్టి బాగుపడటానికి సమయం పడుతుంది. రసాయనాలతో గట్టిపడిపోయిన నేలలో మళ్లీ వానపాము కనబడాలంటే, నవధాన్యాలు చల్లి పచ్చిరొట్ట కలియదున్ని, ఆకు అలమ కప్పి రెండేళ్లో మూడేళ్లో ఓపిక పట్టాలి. మొదటి ఏడాది దిగుబడి తగ్గినా తట్టుకోవాలి. సొంత భూమి ఉన్నవాడు తట్టుకుంటాడు. కౌలు రైతు?

కౌలు నోటిమాట మీద నడుస్తుంది. ఉగాదికి ఉగాదికి మాట మారుతుంది. ఈ ఏడు ఆమె పేడ తోలి, పచ్చిరొట్ట దున్ని చేను బాగుచేస్తే, వచ్చే ఏడు భూమి ఆసామి "చేను బాగుంది, కౌలు పెంచు" అంటాడు. లేదంటే ఇంకొకరికి ఇస్తాడు. మట్టిని బాగుచేసినందుకు దక్కే ఫలం ఇది. అలాంటప్పుడు ఈ సీజనుకు ఎంత పిండుకోగలిగితే అంత పిండుకుందామని యూరియా బస్తా ఎత్తదా? ఎత్తుతుంది. ఆమెకు భూమి మీద ప్రేమ లేక కాదు, భూమి మీద వచ్చే ఏటి భరోసా లేక.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు గడువు పదకొండు నెలలు. అది కూడా భూ యజమాని సంతకం పెడితేనే. పదకొండు నెలల కార్డు చేతికిచ్చి మూడేళ్ల మట్టిని పెంచమంటే ఎలా? అంతకుముందు 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారుల లైసెన్సు చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఆ కార్డుల ఊసే లేదు. 2020లో ధరణి వచ్చినప్పుడు పహాణీలో సాగుదారు పేరు రాసే కాలమ్ కూడా ఎత్తేశారు. నేల మీద నిలబడి సాగు చేసే మనిషి, కాగితం మీద మాయమైపోయింది.

పని చెప్పడానికి ఆమె, డబ్బు ఇవ్వడానికి ఎవరు?

కేంద్రం 2024 నవంబరులో జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌కు ఆమోదం తెలిపింది. 15,000 క్లస్టర్లు, కోటి మంది రైతులు, 30,000 మంది కృషి సఖులు అని చెప్పారు. ఊరూరా తిరిగి రైతులకు నేర్పేది ఈ కృషి సఖులే. వాళ్లంతా ఆడవాళ్లే. పేరు బాగుంది. కానీ 2025-26 బడ్జెట్‌లో ఈ మిషన్‌కు కేటాయించింది రూ.616 కోట్లు. అదే ఏడాది ఎరువుల సబ్సిడీకి పెట్టింది సుమారు రూ.1.67 లక్షల కోట్లు. సభల్లో చెప్పే మాట ఒకటి, ఖజానా చెప్పే మాట ఇంకొకటి.

దీన్ని అడ్డం పెట్టుకుని ఎరువుల సబ్సిడీ కోసేయమని ఎవరైనా అంటే మనం ఒప్పుకోం. 2021లో శ్రీలంక ప్రభుత్వం రాత్రికి రాత్రే రసాయన ఎరువుల దిగుమతి ఆపేసింది. పంట పడిపోయి, రైతులు రోడ్డెక్కి, కొద్ది నెలల్లోనే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఆ నష్టం ముందు పడింది చిన్న రైతు నెత్తినే. రైతు చేతిలో ఉన్నది లాక్కుని సుస్థిరత నేర్పడం సాధ్యం కాదు. ప్రకృతి సేద్యంలోకి మారే మూడేళ్లూ తగ్గిన దిగుబడికి పూచీ ఇవ్వండి, ఆవు లేని ఇంటికి ఆవు ఇవ్వండి, కషాయం చేసే చేతికి కూలి ఇవ్వండి. రైతు తనంతట తానే యూరియా తగ్గిస్తాడు.

ధర సంగతి కూడా ఇంతే. 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నారు, శ్రీ అన్న అని పేరు పెట్టారు. రాగికి 2025-26లో క్వింటాలుకు రూ.4,886 మద్దతు ధర ప్రకటించారు. జొన్నకు, సజ్జకు ఉంది. మరి కొర్ర, సామ, అరిక, ఊదలకు? కేంద్రం మద్దతు ధరల జాబితాలో వీటికి చోటే లేదు. పట్నం దుకాణంలో కిలో కొర్రబియ్యం ధర చూసి, పండించిన ఆమెకు దళారీ ఇచ్చిన ధర అడగండి. తేడా మీకే తెలుస్తుంది.

"మహిళా సంఘాలకు రుణాలు ఇస్తున్నాం కదా"

ఈ మాట ప్రతి అధికారీ అంటాడు. ఇస్తున్నారు, నిజమే. కానీ డ్వాక్రా రుణం పంట రుణం కాదు. పంట పోతే పంట రుణం గడువు పెంచుతారు, ఎన్నికలొస్తే మాఫీ అంటారు. సంఘం అప్పు మాత్రం వాన కురిసినా కురవకపోయినా నెల నెలా కట్టాల్సిందే. ఒక్కరు కట్టకపోతే పదిమంది ముందు పరువు పోతుంది. ఆ అప్పు ఎటు పోయిందో మనకు తెలుసు. విత్తనాలకు, ఎరువులకు, కౌలు అడ్వాన్సుకు పోయింది. అంటే అది కూడా సేద్యంలోకే పోయింది. అయినా 2024లో తెలంగాణలో రూ.2 లక్షల రుణమాఫీ చేసినప్పుడు స్వయం సహాయక సంఘాల రుణాలకు, జేఎల్‌జీ రుణాలకు, రుణ అర్హత కార్డుల మీద తీసుకున్న రుణాలకు వర్తించదని మార్గదర్శకాల్లోనే రాశారు. ఆడవాళ్లు, కౌలుదారులు ఏ దారిన సేద్యానికి అప్పు తెచ్చుకోగలరో, సరిగ్గా ఆ దారులే మూసేశారు.

చావు విషయంలోనూ ఇదే న్యాయం. తెలంగాణ రైతు బీమా రూ.5 లక్షలు పట్టా ఉన్నవాళ్లకే. కౌలు రైతు ఉరేసుకుంటే, అతను రైతే అని రుజువు చేయాల్సిన భారం అతని భార్య మీద పడుతుంది. పిల్లల్ని వెంటేసుకుని తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కేది ఆమె, అప్పులవాళ్లకు జవాబు చెప్పేది ఆమె, మరుసటి ఖరీఫ్‌కు మళ్లీ అదే కౌలు చేను పట్టేది కూడా ఆమె. ఇక సేద్యం చేసే ఆడమనిషే పురుగుమందు తాగితే రికార్డులో రైతు అని కాదు, గృహిణి అని రాస్తారు. పాలగుమ్మి సాయినాథ్ ఎన్నో ఏళ్లుగా ఎత్తిచూపుతున్న సంగతే ఇది.

చేతికి భూమి వస్తే ఏం చేశారో చూడండి

ఆడవాళ్లకు భూమి ఇస్తే ఏం చేస్తారు అని అడిగేవాళ్లకు జహీరాబాద్ ప్రాంతం చూపించండి. అక్కడ పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. ఆ సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత మహిళలు, చారెడు నేల ఉన్నవాళ్లు, ఏమీ లేనివాళ్లు. ఎందుకూ పనికిరావని వదిలేసిన పడావు భూములు బాగు చేసుకున్నారు. కొందరు కలిసి కౌలుకు తీసుకున్నారు. జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు కలిపి ఒకే చేలో పది ఇరవై రకాలు వేశారు. విత్తనం ఇంట్లోనే దాచుకున్నారు, ఇచ్చిపుచ్చుకున్నారు. ఊళ్లో పండిన జొన్నను ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు అందించే ధాన్యం నిధి నడిపారు. 2008లో సొంతంగా సంగం రేడియో పెట్టుకున్నారు. ఏటా పాత పంటల జాతర చేసి ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఇదంతా శాలువాతో రాలేదు. భూమి, విత్తనం, ధాన్యం మీద నిర్ణయం వాళ్ల చేతికి వచ్చాక వచ్చింది.

పాల్వంచ దగ్గర పునుకుల సంగతి కూడా తెలిసిందే. పురుగుమందుల అప్పులతో, చావులతో కుదేలైన ఆ పత్తి ఊరు, పురుగుమందే వద్దని తీర్మానించుకుంది. ఆ మాట మీద ఊరిని నిలబెట్టడంలో ముందున్నది అక్కడి మహిళా సంఘాలే. కేరళలో కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్లు వేల సంఖ్యలో గుంపులు కట్టి, కౌలుకు భూమి తీసుకుని, కలిసి సాగు చేస్తున్నారు. గుంపుగా కౌలు తీసుకుంటే బేరం ఆడే బలం వస్తుంది. మన దగ్గర లక్షల సంఘాలు ఉన్నాయి, వాటికి పొదుపు, అప్పు తప్ప భూమి మాట ఎవరూ చెప్పరు.

కొందరు ఆసాములు భయపడతారు. కౌలుదారు పేరు రాస్తే భూమి పోతుందేమో అని. ఆ భయం తీర్చాలి, ఎందుకంటే ఆ ఆసాముల్లో చిన్నవాళ్లు, పట్నంలో కూలీ చేసుకునేవాళ్లు, ముసలివాళ్లూ ఉన్నారు. సాగు కార్డు వల్ల భూమి మీద యాజమాన్య హక్కు రాదని 2019 చట్టంలోనే ఉంది. మనం అడిగేది పంట మీద గుర్తింపు. పట్టా ఎవరిదైనా పంట పండించిన చేతిది. పంటకు వచ్చే రుణం, బీమా, పరిహారం ఆ చేతికే రావాలి.

మనం అడిగేవి

2007 జాతీయ రైతు విధానంలోనే రైతు అంటే ఎవరో రాసి ఉంది. సాగుదారు, కౌలుదారు, కూలి, పశువులు మేపేవాళ్లు అందరూ ఆ నిర్వచనంలో ఉన్నారు. ఎం.ఎస్.స్వామినాథన్ 2011 నాటి మహిళా రైతుల హక్కుల బిల్లును రాజ్యసభ ముందు పెట్టారు. దాన్ని చట్టం చేయకుండానే వదిలేశారు. కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సింది లేదు, రాసి ఉన్నది అమలు చేయాలి.

1. యజమాని సంతకంతో పనిలేకుండా, గ్రామసభలో ఇరుగుపొరుగు సాక్ష్యంతో సాగుదారు కార్డు ఇవ్వాలి. గడువు కనీసం మూడేళ్లు ఉండాలి. కార్డులో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి.

2. ఈ-పంట నమోదులోనూ, పహాణీ, అడంగల్‌లోనూ నిజంగా సాగు చేసేవారి పేరు రాయాలి.

3. ప్రభుత్వం పంచే ప్రతి ఎకరం మహిళ పేర, లేదా ఇద్దరి పేర ఉండాలి. తెలంగాణలో 2014లో దళిత మహిళల పేర మూడెకరాలు అని మొదలుపెట్టి కొన్ని వేల కుటుంబాలతో ఆపేసిన పనిని పూర్తి చేయాలి.

4. మహిళా సంఘాలు సేద్యానికి తీసుకున్న రుణాలను పంట రుణాలుగా గుర్తించాలి. మాఫీ, వడ్డీ రాయితీ, గడువు పెంపు అన్నీ వాటికీ వర్తించాలి.

5. ప్రకృతి సేద్యంలోకి మారే చిన్న రైతుకు మూడేళ్లు ఎకరానికి ఇంత అని పూచీ ఇవ్వాలి. కృషి సఖులకు నెల నెలా గౌరవప్రదమైన వేతనం ఇవ్వాలి. కొర్ర, సామ, అరిక, ఊదలకు మద్దతు ధర, ఊళ్లోనే కొనుగోలు ఉండాలి.

6. సమాన పనికి సమాన కూలి అని 1976లోనే చట్టం చేశారు. కలుపుకు ఒక కూలి, మందు కొట్టడానికి ఒక కూలి అనే తేడా చూపి ఆడకూలి తగ్గించడం ఆగాలి.

ప్రభుత్వాన్ని అడిగేవి ఇవి. మన చేతుల్లో ఉన్నవి కూడా ఉన్నాయి. కూతురికి ఆస్తిలో వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే చట్టం, దేశమంతటా 2005 నుంచి చట్టం. అయినా పసుపు కుంకుమ పేరు చెప్పి, చీర పెట్టి, ఆడబిడ్డతో హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించడం ఊళ్లలో ఆగలేదు. సంఘం సభ్యుడి ఇంట్లో అది జరగకూడదు. భర్త పోయిన ఇంట్లో నెల తిరక్కముందే భూమి ఆమె పేర మార్పించే పని గ్రామ కమిటీ తీసుకోవాలి. వచ్చే సభ్యత్వ నమోదులో ఇంటికి ఒక పేరు కాదు, ఇద్దరి పేర్లు రాయండి. సభ్యత్వ రసీదు ఆమె చేతికి కూడా ఇవ్వండి. కమిటీ సమావేశం రాత్రి ఎనిమిదింటికి కాక, ఆమె రాగలిగే వేళకు పెట్టండి.

ప్రతి గ్రామ కమిటీ వచ్చే ఖరీఫ్ పంట నమోదు మొదలయ్యేలోగా ఒక పట్టిక తయారు చేయాలి. మీ ఊళ్లో ఎవరెవరు ఏ చేను సాగు చేస్తున్నారు, అందులో ఆడవాళ్లు ఎందరు, వాళ్ల పేర కాగితం ఉందా లేదా. ఆ పట్టిక పట్టుకుని రైతు సేవా కేంద్రానికో, వ్యవసాయాధికారి దగ్గరికో, తహసీల్దారు దగ్గరికో అందరం కలిసి పోదాం. మహిళా రైతు సంవత్సరం సభకు పిలుపు వస్తే అక్కడికీ పోదాం. శాలువా తీసుకునే ముందు పట్టిక ఇద్దాం. ఇందులో ఉన్న పేర్లన్నీ మీ రికార్డులో ఎప్పుడు ఎక్కుతాయో తేదీ చెప్పమని అడుగుదాం.